సాలిటాన్ ఎత్తు ఎలా తగ్గుతుందో ముందే తేల్చుకునే చిట్కా

లోతు తక్కువ నీటి అలలను వర్ణించే కేడీవీ (కోర్టెవెగ్-డి ఫ్రీస్) సమీకరణంలో సాలిటాన్ అంటే ఆకారం మారకుండా సాగే ఒంటరి అల. ఈ సమీకరణపు కుడివైపున రుణ ఎప్సిలాన్ యు (యు అల ఎత్తు, ఎప్సిలాన్ చాలా చిన్న సంఖ్య) వంటి స్వల్ప అవరోధ పదం చేరినప్పుడు, పెర్టర్బేషన్ శ్రేణిని, అంటే చిన్న మార్పు ప్రభావాన్ని అంచెలంచెలుగా లెక్కించే శ్రేణిని, విస్తరించే శ్రమకు పూనుకోకముందే యు వర్గపు సమాకలనంతో ఒక చిన్న లెక్క వేసుకోవడం మేలు. అరేఖీయ పదపు గుణకం 6గా ఉండే ప్రామాణిక రూపంలో సాలిటాన్ పరిమాణాన్ని నిర్ణయించే రాశిని కప్పా అంటే, దాని ఎత్తు కప్పా వర్గానికి 2 రెట్లు, వేగం 4 రెట్లు. యు వర్గపు సమాకలనం కప్పా ఘనానికి 16/3 రెట్లు. సమీకరణాన్ని యుతో గుణించి సమాకలనం చేస్తే ఈ రాశి 2 ఎప్సిలాన్ రేటున క్షీణిస్తుందని తెలుస్తుంది కనుక, కప్పా 2/3 ఎప్సిలాన్ రేటున, ఎత్తు 4/3 ఎప్సిలాన్ రేటున తగ్గుతాయి. ఇది కాకతాళీయం కాదు: మొదటి క్రమంలో కాలంతోపాటు పెరిగిపోయే పదాలను తొలగించడానికి పెట్టే లంబత్వ షరతు (రెండు ప్రమేయాల లబ్ధపు సమాకలనం సున్నా కావాలన్న షరతు) కూడా సరిగ్గా ఇదే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వర్గం చేయని యు సమాకలనాన్ని, అంటే ద్రవ్యరాశిని, తీసుకుంటే కప్పా ఎప్సిలాన్ రేటున తగ్గాలన్న వేరే జవాబు వస్తుంది. నిజానికి ఆ సమతుల్యత సాలిటాన్ ఒక్కదానికే వర్తించదు. దాని వెనుక ఎప్సిలాన్ పరిమాణంలో, చాలా పొడవుగా సాగే తోక ఏర్పడుతుంది. సాలిటాన్ ద్రవ్యరాశి మొత్తం ద్రవ్యరాశి కంటే నెమ్మదిగా తగ్గుతోంది కాబట్టి ఆ తోక రుణాత్మకంగా, అంటే పల్లంగా ఉండాలి. సంఖ్యాత్మక సాధనలో గట్టు కనిపిస్తే నేనైతే ముందుగా గుర్తులను, సరిహద్దు షరతులను అనుమానిస్తాను.