పంప్ ప్లాస్టర్ కింద పిల్లల చర్మం ఎర్రబడుతుంటే ఏం చేయాలి?

ఇన్సులిన్ పంప్ వాడే పిల్లలకు రెండు మూడు రోజులకోసారి సెట్ (పంప్ నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ చేర్చే సన్నని గొట్టం, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టర్) మార్చాలి. అంటే ప్రతిసారీ ఒక ప్లాస్టర్ తీసి ఇంకోటి అతికించాలి. లేత చర్మం ఎంతకని ఓర్చుకుంటుంది? పిల్ల "దురదగా ఉందమ్మా" అంటే పేచీ అనుకోకండి.

ముందు, ప్లాస్టర్ తీసిన వెంటనే ఆ చోటును ఫొటో తీసి పెట్టుకోండి. ఎర్రదనం ప్లాస్టర్ ఉన్నంత మేరకే ఉండి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతే చర్మం ఒరుసుకుందన్నమాట. దురద ఆగకపోయినా, నీటి పొక్కులు వచ్చినా, మచ్చ ప్లాస్టర్ అంచు దాటి పాకినా అలర్జీ అని అనుమానించాలి. జిగురులోనో, పరికరం ప్లాస్టిక్‌లోనో ఉండే ఐసోబోర్నైల్ అక్రిలేట్ లాంటి రసాయనాల వల్ల ఇది వస్తుంది. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడాక కూడా మొదలవ్వచ్చు.

తీసేటప్పుడు ఒక్క ఊపున పీకొద్దు. దూదిని కొబ్బరి నూనెలో ముంచి అంచుల వెంట రాసి రెండు నిమిషాలు ఆగండి. ఒక మూల లేపి, ప్లాస్టర్‌ను పైకి లాగకుండా చర్మానికి ఆనించినట్టే వెనక్కి మడుస్తూ రండి. రెండో చేతి వేలితో పక్కనున్న చర్మాన్ని అదిమి పట్టండి. స్కూలుకు టైమైపోతోందని ఇక్కడే తొందరపడతాం. అందుకే సెట్ మార్చే పని సాయంత్రం స్నానం తర్వాత పెట్టుకోవడం మేలు.

కొత్తది వేరే చోట పెట్టాలి: పొట్ట, తొడ, పిరుదు పైభాగం, ఇలా మారుస్తూ ఉండండి. ఒకేచోట పెడుతూ ఉంటే అక్కడ గట్టిపడుతుంది, గట్టిపడిన చోట ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. అతికించే చోట నూనె, క్రీమ్ ఉండకూడదు. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. ఎండాకాలంలో చెమట ఆరేదాకా ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి.

అయినా తగ్గకపోతే ప్లాస్టర్ కింద హైడ్రోకొల్లాయిడ్ పట్టీ (చర్మానికి అడ్డుగా ఉండే మెత్తని జెల్ పట్టీ) వేసి చూడొచ్చు. క్యానులా (చర్మం కిందికి వెళ్లే చిన్న గొట్టం) దిగే చోట దానికి చిన్న రంధ్రం చేయాలి. స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం డాక్టర్ చెబితేనే రాయండి. ఏది పడటం లేదో ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న రసాయనాలను చర్మంపై అతికించి చూసే పరీక్ష) చేసి చర్మ వైద్యులు చెప్పగలరు.

చీము, వేడి, వాపు, జ్వరం కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. చర్మం మానేదాకా పంప్ ఆపాలనుకుంటే ముందు ఇంజెక్షన్ల డోసు రాయించుకోండి. పంప్‌లో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే కాబట్టి, అది ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే, ఎక్కువైతే ప్రమాదకరమైన ఆమ్లాలు) పెరుగుతాయి.