అద్దె ఇల్లు అమ్ముతున్నారా? నోటీసు, అద్దె, అడ్వాన్సు సంగతులు

"ఇల్లు అమ్మేస్తున్నాం, నెలాఖరుకల్లా ఖాళీ చేయండి" అని ఓనరు ఫోను చేసినంత మాత్రాన ఆ రోజే అట్టపెట్టెలు తెచ్చుకోనక్కర్లేదు. ఇల్లు చేతులు మారితే అద్దె ఒప్పందం రద్దయిపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవారు పాత ఓనరు స్థానంలోకి వస్తారు. ఆయన హక్కులన్నీ వాళ్లకు వస్తాయి, మీరు కోరితే బాధ్యతలూ వస్తాయి. నెల్లూరు మాగుంట లేఔట్‌లో ఫ్లాటైనా, ఒంగోలు లాయర్‌పేటలో పై పోర్షనైనా ఇదే లెక్క. అద్దెకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది చేతిలో కాగితం లేక, అదీ అడ్వాన్సు దగ్గర.

ముందు అగ్రిమెంటు తీయండి

గడువు ఎప్పటిదాకా, ఖాళీ చేయించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇల్లు అమ్మితే ఏమిటన్న షరతు ఉందా, అడ్వాన్సు అంకె రాశారా, సంతకం ఎవరిది? ఈ ఐదూ చూసుకోండి. రిజిస్టరైన అగ్రిమెంటులో గడువు మిగిలుండి, మధ్యలో ఖాళీ చేయించే షరతు లేకపోతే కొన్నవారు కూడా ఆ గడువుకు కట్టుబడాల్సిందే. మన దగ్గర మామూలుగా నడిచేది మాత్రం స్టాంపు పేపరు మీద 11 నెలలకు రాసుకుని వదిలేసిన అగ్రిమెంటే. రిజిస్టరు చేయని కాగితంతో గడువు హక్కు నిలబెట్టుకోవడం కోర్టులో కష్టం. అప్పుడు దాన్ని నెలవారీ అద్దెగా చూస్తారు. గడువు దాటాక అద్దె తీసుకుంటూ కొనసాగనిచ్చినా, అసలు అగ్రిమెంటే లేకపోయినా అంతే.

నెలవారీ అద్దెకు అదే చట్టం 106వ సెక్షన్ చెప్పే నోటీసు 15 రోజులు. అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పోస్టులో రావచ్చు, మీ చేతికో ఇంట్లోవాళ్ల చేతికో ఇవ్వచ్చు, అదీ కుదరకపోతే ఇంటికి అందరికీ కనిపించే చోట అంటించచ్చు. ఫోనులో చెప్పింది, బ్రోకరు గుమ్మంలో నిలబడి చెప్పింది ఈ లెక్కలోకి రావు. ఒక తిరకాసు ఉంది. 15 రోజుల కంటే తక్కువ గడువిచ్చారన్న ఒక్క కారణంతో నోటీసు కొట్టేయించడం ఇప్పుడు కుదరదు. ఆ 15 రోజులు దాటాక దావా వేస్తే ఆ నోటీసు సరిపోతుందని 2002లో సెక్షన్ సవరించారు. కాబట్టి "పది రోజులే ఇచ్చారు, చెల్లదు" అని ధీమాగా కూర్చోకండి.

పదహారో రోజు తాళం వేసేయచ్చని మాత్రం దీనికి అర్థం కాదు. మీరు కదలకపోతే ఓనరు కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. పట్టణాల్లోని ఇళ్లకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం దశాబ్దాలు నడిచింది, ఆ తర్వాత 2017లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసింది. మీ ఇంటి వ్యవహారం ఏ చట్టం కింద, ఏ కోర్టులో నడవాలన్నది కోర్టు కాగితం రాగానే లాయరును అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండు అపోహలు పక్కన పెట్టండి. పదిహేనేళ్లుగా ఉంటున్నాం కాబట్టి మాకే ముందు అమ్మాలి అనే హక్కు, అగ్రిమెంటులో రాసుంటే తప్ప, లేదు. కొనే ఉద్దేశం ఉంటే ధర అడగండి, అంతవరకే. పన్నెండేళ్లు దాటితే ఇల్లు మనదే అన్నది ఇంకా ప్రమాదం. మీరున్నది ఓనరు అనుమతితో, అద్దె కడుతూ. ఆ మాట అన్నారంటే మీ మీద పేచీకి మీరే దారి చూపించినట్టు.

ఇల్లు చూడ్డానికి పార్టీలు వస్తుంటే

అద్దెకిచ్చిన ఇంట్లో మిమ్మల్ని ప్రశాంతంగా ఉండనివ్వడం ఓనరు బాధ్యత. అలాగని కొనేవాళ్లకు తలుపే తీయనంటే పంతానికి దిగుతారు, తర్వాత అడ్వాన్సు దగ్గర ఆ పంతం తీర్చుకుంటారు. మధ్యేమార్గంగా వాట్సాప్‌లో ఓనరుకు ఇలా పెట్టండి: "ఆదివారాలు ఉదయం 10 నుంచి 12 దాకా చూపిస్తాం. ముందు రోజు చెప్పండి. మేం లేనప్పుడు ఎవరినీ పంపొద్దు." తాళం చెవి బ్రోకరుకు ఇవ్వకండి. ఈమధ్య రియల్ ఎస్టేట్ చానళ్ల కోసం ఇల్లంతా వీడియో తీస్తున్నారు, మీ బీరువా, పిల్లల గదితో సహా. గోడలు, గదులు తీసుకోమనండి, మీ సామాను, మనుషులు పడకూడదని ముందే చెప్పండి.

బ్రోకరు తెచ్చే కాగితాల మీద సంతకం వద్దు. "ఊరికే ఫార్మాలిటీ" అంటూ తెచ్చేది చాలాసార్లు ఫలానా తేదీకి ఖాళీ చేస్తామన్న ఒప్పుకోలే. ఖాళీగా అప్పగిస్తానని కొనేవారికి ఓనరు రాసిచ్చి ఉంటారు. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది ఆయన, అందులో మీ సంతకం లేదు.

అద్దె ఎవరికి కట్టాలి

"ఇల్లు మేం కొన్నాం, వచ్చే నెల నుంచి అద్దె మాకు కొట్టండి" అని కొత్త మనిషి ఫోను చేస్తే వెంటనే కట్టకండి. వాళ్ల చేతిలో ఉన్నది సేల్ అగ్రిమెంటు మాత్రమే అయితే ఇల్లు ఇంకా పాత ఓనరుదే. అమ్మకపు దస్తావేజు రిజిస్టరయ్యాకే యాజమాన్యం మారుతుంది. బయానా ఇచ్చి ఆరు నెలలు తిరిగి, డబ్బు సర్దలేక బేరం ఎత్తిపోయిన కేసులు మామూలే. ఈలోగా వాళ్లకు అద్దె కట్టుంటే పాత ఓనరు లెక్కలో మీరు బాకీదారులు.

సరిచూసుకోవడానికి ఈసీ తీయండి, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే సర్టిఫికెట్. రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోగానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోగానీ, మీసేవలోగానీ దొరుకుతుంది. కొత్తవారినే దస్తావేజు నంబరు, సంవత్సరం అడగండి, నిజంగా కొన్నవారు చెప్పడానికి వెనుకాడరు. ఈసీలో పేర్ల పక్కన ఈఎక్స్ అని ఉన్నవారు రాసిచ్చినవారు, సీఎల్ అని ఉన్నవారు రాయించుకున్నవారు. చివరి లావాదేవీలో ఈఎక్స్ దగ్గర మీ ఓనరు పేరు, సీఎల్ దగ్గర ఫోను చేసినవారి పేరు, షెడ్యూలులో మీ డోర్ నంబరు, ఇవి మూడూ కలవాలి. ఇల్లు ఓనరు భార్య పేరునో, చనిపోయిన తండ్రి పేరునో ఉందని చాలామందికి తెలిసేది ఇక్కడే.

అమ్మిన సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టేస్తే భయం లేదు. తెలియక కట్టినదాన్ని కొత్తవారికి మళ్లీ కట్టక్కర్లేదని 109వ సెక్షనే చెబుతుంది. రిజిస్ట్రేషనుకు ముందున్న అద్దె బాకీ అడిగే హక్కు కూడా వాళ్లకు లేదు. తెలిశాక మాత్రం కొత్తవారికే కట్టాలి, అదీ బ్యాంకు ఖాతాకో ఫోన్‌పేకో, ఏ నెల అద్దెదో రాసి. ఖాళీ చేయించాలనే ఉద్దేశంతో అద్దె తీసుకోవడం మానేసే ఓనర్లూ ఉంటారు. మూడు నెలలు పోయాక "అద్దె ఎగ్గొట్టారు" అని కేసు వేస్తారు. తీసుకోకపోతే అదే నెలలో పాత పద్ధతిలో ఖాతాకు పంపండి. వెనక్కి వస్తే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, చేరిన రుజువు దాచుకుని, లాయరు ద్వారా కోర్టులో జమ చేసే దారి చూడండి.

అడ్వాన్సు

పాత ఓనరు "కొన్నవాళ్లను అడగండి, రేటులో తగ్గించుకున్నాను" అంటారు. కొత్తవారు "మాకేం సంబంధం, మాకెవరూ ఇవ్వలేదు" అంటారు. చట్టం ఇక్కడ మీకో వెసులుబాటు ఇచ్చింది. ఇల్లు అమ్మేసినంత మాత్రాన పాత ఓనరు బాధ్యత పోదు, ఇకపై కొత్తవారే బాధ్యులని మీరు ఎంచుకుంటేనే పోతుంది. కాబట్టి డబ్బు నిజంగా చేతులు మారిందని తెలిసేదాకా "సరే, వాళ్ల దగ్గరే తీసుకుంటాం" అని వాట్సాప్‌లో కూడా అనకండి.

ఈ పని పూర్తిచేయాల్సింది రిజిస్ట్రేషనుకు ముందే. ఓనరు ఇల్లు అమ్మి హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయాక ఆయన వెంట పడటం కష్టం. రిజిస్ట్రేషను రోజున డబ్బు చేతులు మారేటప్పుడు పాతవారు, కొత్తవారు, మీరు ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టుకోండి. కాగితం ఇలా ఉంటే చాలు:

"డోర్ నంబరు ___ ఇంట్లో అద్దెకున్న ___ గారు పాత యజమాని ___ గారికి ఇచ్చిన అడ్వాన్సు రూ.27,000 నాకు ముట్టినది. ఇల్లు ఖాళీ చేసిన రోజున ఆ మొత్తం నేనే తిరిగి ఇచ్చెదను. ___ తేదీ నుండి నెల అద్దె రూ.9,000 నాకు చెల్లించవలెను. పాత అగ్రిమెంటులోని మిగతా షరతులు యథాతథము."

"కొత్త అగ్రిమెంటు రాసుకుందాం" అంటే తొందరపడకండి. అందులో అద్దె పెరుగుతుంది, ఖాళీ చేసే గడువు తగ్గుతుంది, పాత అడ్వాన్సు ప్రస్తావన మాయమవుతుంది. ఈ మూడూ చదివాకే సంతకం. చివరి మూడు నెలలు అద్దె కట్టకుండా అడ్వాన్సులో సర్దుకోవడం చాలామంది చేసేదే, కానీ ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చేయండి. లేకపోతే అది అద్దె ఎగవేత కిందకు లాగుతారు.

నెల అద్దె లేకుండా మూడు లక్షలో ఐదు లక్షలో ఒకేసారి ఇచ్చి లీజుకు దిగినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఆ కాగితం రిజిస్టరై ఉంటే ఈసీలో కనపడుతుంది, కొనేవారు ముందే లెక్క చూసుకుంటారు. లేకపోతే అమ్మకం మాట వినపడగానే లాయరు చేత ఓనరుకూ, పేరు తెలిస్తే కొనేవారికీ నోటీసు ఇప్పించండి. ఇంట్లో ఎవరుంటే వారి హక్కు గురించి కొనేవారికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది గనుక "మాకు తెలియదు" అన్న మాట అంత తేలిగ్గా చెల్లదు.

ఖాళీ చేయడానికి సిద్ధమే అయితే

తొందర మీకంటే వాళ్లకే ఎక్కువ. కొన్నవారు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేసుంటారు, మాఘంలోనో శ్రావణంలోనో. మీరేమో పిల్లల పరీక్షలయ్యేదాకా కదల్లేరు, ఆషాఢంలో ఇల్లు మారరు. ఇది బేరానికి బలం. ఫలానా తేదీకి ఖాళీ చేస్తాం, బదులుగా ఒక నెల అద్దె వదిలేయాలి, లారీ, కూలీల ఖర్చు ఇవ్వాలి, తాళాలు ఇచ్చిన గంటలోనే అడ్వాన్సు మొత్తం ఖాతాలో పడాలి అని అడగచ్చు. చట్టంలో రాసున్న హక్కులు కావు, ఒప్పందాలు. అందుకే కాగితం మీదే ఉండాలి.

అప్పగించే రోజు ఖాళీ గదులు, కుళాయిలు, ఫ్యాన్లు, మోటారు స్విచ్చి వేసి నీళ్లు వస్తున్నట్టు వీడియో తీయండి. కరెంటు మీటరు దగ్గరికెళ్లి రీడింగ్, మీటరు నంబరు ఒకే ఫొటోలో పడేలా తీసి, ఆ రోజు వరకు యూనిట్ల డబ్బు లెక్క తేల్చుకోండి. రంగులు, సున్నం పేరుతో కోత పెడితే అగ్రిమెంటులో ఎంత రాశారో అంతే ఒప్పుకోండి.

తాళాలు మార్చినా, కరెంటు తీసేసినా

వెంటనే 112కు ఫోను చేసి, స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ మేటర్" అని తిప్పి పంపినా ఆ రసీదు కోర్టులో పనికొస్తుంది. ఇంకా ఇంట్లోనే ఉంటే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి తాత్కాలిక ఉత్తర్వు కోరాలి. ఇప్పటికే వెళ్లగొట్టుంటే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద తిరిగి స్వాధీనం అడగచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న చర్చ ఉండదు, చట్టప్రకారం కాకుండా బయటకు పంపారా అన్నదే చూస్తారు. కానీ వెళ్లగొట్టిన నాటి నుంచి ఆరు నెలల్లోపే వేయాలి. అద్దె పంపిన వివరాలు, మీ పేరున వచ్చిన గ్యాస్ బుకింగ్ రసీదులు, ఈ చిరునామాతో ఉన్న ఆధార్ అన్నీ అక్కడ మీరున్నారనడానికి రుజువులే.

అప్పు కట్టక బ్యాంకు వేలం వేసే ఇల్లు వేరే దారి. గోడకు బ్యాంకు నోటీసు అంటించారంటే పై లెక్కలేవీ నేరుగా వర్తించవు. మీ అద్దె తాకట్టుకు ముందు మొదలైందా తర్వాతా అన్నది ముఖ్యమవుతుంది, అదే వారంలో లాయరును కలవండి.

ఫీజు పెట్టుకోలేనివారికి నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేదు. ఫోను 15100. అడ్వాన్సు గొడవ ఒక్కటే మిగిలితే దావా వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపించమని అక్కడే అర్జీ ఇవ్వచ్చు. అద్దె అగ్రిమెంటు, డబ్బు పంపిన స్టేట్‌మెంటు, ఈసీ కాపీ వెంట తీసుకెళ్లండి.