ఇల్లు కొనేముందు బోరు నీళ్లు, సెప్టిక్ ట్యాంకు ఎలా చూసుకోవాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరి శివార్లలోనో, పల్లెల్లోనో ఇల్లు కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) జాగ్రత్తగా చూసుకుంటారు. వాస్తు కూడా చూపించుకుంటారు. బోరు దగ్గరికొచ్చేసరికి మాత్రం మోటారు వేసి, ధార చూసి, అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ వరస మార్చాలి. నీళ్ల రిపోర్టు చేతికొచ్చాకే అడ్వాన్సు. గోడ బీటలిస్తే పూయించుకోవచ్చు గానీ, పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడు భూమిలో ఉంటే దాన్ని ఎవరూ తీసెయ్యలేరు.

1. బోరు ఊట కొలవండి

నెల్లూరు వైపు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ప్రకాశంలోనూ ఆ నెలల వాటా పెద్దదే. అందుకే జనవరిలో చూస్తే చాలా బోర్లు బాగానే పోస్తాయి. మే నెలలో చూడటం మేలు. కుదరకపోతే, ఎండాకాలం ట్యాంకరు తెప్పించుకుంటారా అని పక్కింటివాళ్లను అడగండి.

మోటారు వేసి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 20 సెకన్లయితే గంటకు 3,600 లీటర్లు. మోటారు ఆపకుండా రెండు గంటలు నడిపి మళ్లీ కొలవండి. ధార బాగా సన్నబడినా, పైపులో గాలి కొట్టినా ఊట చాలడం లేదన్నమాట. ఇసుక వస్తుంటే కేసింగు పైపు దెబ్బతిని ఉండొచ్చు.

కొత్తపట్నం, అల్లూరు, ముత్తుకూరు లాంటి తీర మండలాల్లో ఇంకో పని తప్పదు. మోటారు వేయగానే ఒకసారి, రెండు గంటలయ్యాక ఒకసారి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచండి. మొదట 900 చూపించి తర్వాత 1,400కి ఎక్కితే, తోడేకొద్దీ ఉప్పునీరు బోరులోకి లాగుతోందని అనుమానించాలి. అలాంటి బోరు ఏడాదికేడాది చెడుతుంది.

2. నీళ్లు ల్యాబుకు పంపండి

టీడీఎస్ మీటరు మీద ఆధారపడి తాగునీటిని ఎంచుకోవద్దు. ఫ్లోరైడును గానీ, సూక్ష్మక్రిములను గానీ అది విడిగా చూపించలేదు. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు చూడటానికి తేటగా, రుచిగా ఉన్న నీళ్లలోనూ ఫ్లోరైడు ఉంటుంది. కాచితే పోదు, నీరు ఆవిరైన మేర ఇంకాస్త చిక్కబడుతుంది. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన పిల్లల పళ్లు గమనించండి. సున్నం రంగు మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటే రిపోర్టు రాకముందే సగం సంగతి తెలిసినట్టే.

మోటారు పావుగంట నడిచాక, నేరుగా బోరు పైపు దగ్గర నీళ్లు పట్టండి. మేడమీది ట్యాంకు నుంచీ, ఆర్‌వో కుళాయి నుంచీ వద్దు. రసాయన పరీక్షకు లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకు ల్యాబువాళ్లిచ్చే స్టెరైల్ సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు. ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు అందించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో నామమాత్రపు రుసుముతో పరీక్ష చేస్తారు.

రిపోర్టును తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణంతో పోల్చండి. లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. టీడీఎస్ 500 లోపు మంచిది, 2,000 ఆఖరి హద్దు. నైట్రేట్ 45 దాటకూడదు. మలం కలిసిందని చెప్పే ఈ.కోలి క్రిమి 100 మిల్లీలీటర్లలో అసలు కనిపించకూడదు. నైట్రేట్ హద్దు దాటి, ఈ.కోలి కూడా ఉంటే సెప్టిక్ నీళ్లు బోరులో కలుస్తున్నాయని గట్టిగా అనుమానించండి. ఫ్లోరైడు ఒక్కటే ఎక్కువైతే తాగడానికీ వంటకూ ఆర్‌వో సరిపోతుంది. దాని ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

3. సెప్టిక్ ట్యాంకు మూత తీయించండి

సెప్టిక్ ట్యాంకు అని చెప్పేవాటిలో కొన్ని నిజానికి అడుగు లేని సిమెంటు వరల గుంతలు. మూత తీయించి, గాలి ఆడనిచ్చి, దూరం నుంచి టార్చి వేసి చూడండి. తల లోపలికి పెట్టొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. లోపలికి మనిషిని అస్సలు దించకూడదు. ఆ విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది కూడా.

నీటిమట్టం బయటికి పోయే పైపు కింది అంచుకు సమంగా ఉంటే ట్యాంకు బాగున్నట్టు. వాడుకలో ఉన్న ట్యాంకులో మట్టం అంతకన్నా బాగా కిందుంటే కారుతోంది, బోరుకు ముప్పు. పైపు మునిగిపోయి ఉంటే, ట్యాంకు నీళ్లు వెళ్లి భూమిలోకి ఇంకే ఇంకుడు గుంత పూడిపోయింది, లేదా పైపు అడ్డుపడింది. నల్లరేగడి నేలల్లో ఇది మామూలే, ఆ మట్టి నీళ్లు పీల్చదు. పొడవాటి కర్రకు తెల్లగుడ్డ చుట్టి అడుగుదాకా దించి తీయండి. నల్లగా అంటిన మేర మడ్డి. లోతులో మూడోవంతు దాటితే రిజిస్ట్రేషన్‌కు ముందే అమ్మేవాళ్లతో సెప్టిక్ ట్యాంకులు తోడే బండి పెట్టించి తోడించండి. బండి పైపు ట్యాంకు దాకా చేరుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత టేపు పట్టండి. ఇంకుడు గుంతకూ బోరుకూ మధ్య 18 మీటర్లు ఉండాలి. పక్కింటి గుంతనూ కొలవండి, నీళ్లకు ప్రహరీ గోడ అడ్డం రాదు. చిన్న ప్లాట్లలో ఈ దూరం దొరకడం కష్టం. అక్కడ క్రిముల పరీక్షను వానల తర్వాత మరోసారి చేయించండి.

4. బోరు ఎవరిదో రాయించండి

అన్నదమ్ములు పంచుకున్న స్థలాల్లో బోరు ఒకరి వాటాలో, మోటారు కరెంటు మీటరు ఇంకొకరి పేరిట ఉంటాయి. బోరు మీ హద్దుల్లోనే ఉందో లేదో కొలిపించి, దస్తావేజు షెడ్యూలులో బోరును, మోటారును, కరెంటు సర్వీసు నంబరును రాయించండి. ఉమ్మడి బోరైతే వంతులు, రిపేరు ఖర్చు ఎవరెంతో కూడా అందులోనే ఉండాలి.