చిన్న షాపు సైటు సరిచేసుకోవడం ఎట్లా: స్పీడు, నిజాయితీ, పొద్దున నడక

నేను కర్నూల్లో ఉంటా, ఆన్‌లైన్లో అమ్ముకునే షాపులకి సైట్లు సరిచేసి పెట్టడం నా పని. ధర్మవరం పట్టుచీరలోళ్లు, ఎమ్మిగనూరు నేత బట్టలోళ్లు, అనంతపురం దిక్కు గానుగ శెనక్కాయ నూనె అమ్మేవాళ్లు, ఎక్కువ ఇట్లాంటోళ్లే వస్తారు. అందరూ అడిగేది ఒకటే, "యాడ్స్‌కి ఇంత పోస్తాండాం, జనం వస్తాండారు పోతాండారు, ఆర్డరు మాత్రం పెట్టడంలేదప్పా, ఏంది కత?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నా, మీరే చేసుకోవచ్చు.

మొట్టమొదట మీ లాప్‌టాప్‌లో సైటు చూడటం ఆపేయండి. మీ షాపులో పార్సిళ్లు కట్టే పిల్లోడి ఫోను తీసుకోండి, వైఫై ఆపేసి, ఇన్‌కాగ్నిటోలో (ముందు చూసినవేవీ వాడుకోని బ్రౌజర్ విండో) తెరవండి. మీ ఫోన్లో అయితే ఫోటోలన్నీ ముందే దాచిపెట్టుకుని ఉంటాది కాబట్టి ఎప్పుడూ ఫాస్ట్‌గానే కనిపిస్తాది, అదే మనల్ని మోసం చేసేది. గడియారం చూస్తా మొదటి చీర కనపడే దాకా సెకన్లు లెక్కపెట్టండి. కొనేవాళ్లకి కనిపించే మీ షాపు అదే.

తర్వాత సైటు స్పీడు కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైటు అడ్రస్ వేసి మొబైల్ రిజల్ట్ చూడండి. స్కోరు వందకి వంద రావాలని కూర్చోవద్దు, మూడు చూస్తే చాలు. ఎల్‌సీపీ అంటే పేజీలో పెద్ద ఫోటోనో పెద్ద అక్షరాలో కనపడటానికి పట్టే టైము, 2.5 సెకన్ల లోపు ఉండాలి. ఐఎన్‌పీ అంటే బటన్ నొక్కితే ఎంతసేపటికి పలుకుతుందో, 200 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. ఇది 2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత బదులు వచ్చింది, పాత వీడియోల్లో ఇంకా ఎఫ్ఐడీ అనే చెప్తుంటారు, వాటిని వదిలేయండి. మూడోది సీఎల్ఎస్, పేజీ లోడ్ అవుతా అవుతా ఎగిరెగిరి పడకుండా ఉండటం, 0.1 లోపు. పైన కనిపించే అసలు కస్టమర్ల లెక్క గడిచిన 28 రోజులది, అందుకే ఈరోజు సరిచేసి రేపు చూస్తే ఏమీ మారదు, కంగారుపడొద్దు. జనం తక్కువ వచ్చే సైటుకి ఆ లెక్కే రాదు, అప్పుడు కింద ఉండే టెస్టుని బట్టి పోవాల.

నేను చూసిన వాటిల్లో ఎక్కువ తప్పు ఫోటోల దగ్గరే. ఫోన్లో తీసిన నాలుగైదు ఎంబీల ఫోటోని అట్లే ఎక్కిస్తారు, పేజీకి ఇరవై చీరలు. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో పెట్టండి, ఒక్కోటి 150 కేబీ అటూఇటూ వస్తే బాగుంటాది. జరీ అంచు దగ్గరగా చూడాలనేవాళ్ల కోసం పెద్ద ఫోటో వేరేగా పెట్టి నొక్కినప్పుడే వచ్చేట్టు చేయండి. కింద ఉండే ఫోటోలకి లేజీ లోడింగ్ (అక్కడి దాకా జరిపినప్పుడే ఫోటో వచ్చేట్టు చేయడం) పెట్టండి కానీ పైన మొట్టమొదట కనపడేదానికి పెట్టొద్దు, చాలామంది డెవలపర్లు అన్నిటికీ కలిపి పెట్టేస్తారు, దాంతో అసలుదే లేటు అవుతాది. ప్రతి ఫోటోకి వెడల్పు ఎత్తు కోడులో రాయించండి, అప్పుడు అక్షరాలు ఎగరవు.

ఇంక స్క్రిప్టులు, అంటే పేజీలో అదనంగా నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒక షాపు సైట్లో ఏది బరువుగా ఉందా అని ఒక్కొక్కటే తీసేసి చూస్తే, తిరిగే లక్కీ చక్రం ఒకటి, "ఇప్పుడే హైదరాబాద్‌లో ఒకరు కొన్నారు" అని ఊరికే వచ్చే పాపప్ ఒకటి, రిఫ్రెష్ కొడితే మళ్లీ మొదట్నుంచి తిరిగే టైమరు ఒకటి, బరువంతా వాటిదే. అబద్ధం చెప్పడానికి పెట్టినవే సైటుని కూడా ఆపుతున్నాయి. ఆ రోజు నుంచి నేను స్పీడుని, నిజాయితీని రెండు వేరే పనులుగా చూడటం మానేసినా. మొదట్లో అట్లాంటి టైమర్లు నేనూ పెట్టిచ్చినా, అది తప్పు, ఇప్పుడు ఎంత డబ్బులిస్తామన్నా పెట్టను.

చట్టం కూడా ఊరికే లేదు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మాయచేసే డిజైన్లు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అందులో 13 రకాలు రాసినారు. లేని తొందర పెట్టడం, అడగకుండా కార్టులో ఏదో ఒకటి వేసేయడం, చివరి పేజీలో చార్జీలు బయటపెట్టడం అన్నీ ఉన్నాయి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ముందే టిక్ పెట్టిన బాక్సులు పనికిరావు, కంప్లైంట్ వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మీరు పలకకపోతే కస్టమరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాది. కాబట్టి డెలివరీ చార్జీ చీర ధర పక్కనే రాయండి, ఎవరికి కంప్లైంట్ చేయాలో పేరు, నంబరు పెట్టండి.

మన చీరల విషయంలో ఇంకో మాట. పవర్‌లూమ్‌ని చేనేత అని, ఆర్ట్ సిల్క్‌ని (కృత్రిమ దారం) పట్టు అని రాయొద్దు. సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే ఆ లేబుల్ ఫోటో తీసి పెట్టండి, లేకుంటే లేదని ఒప్పుకోండి. మగ్గం మీద రోజులు రోజులు కూర్చుని నేసినాయన కష్టం ఆ ఒక్క పదంతో పోతాది. ఫోటో పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీయండి, రంగు తేడా అని వెనక్కొచ్చే పార్సిళ్లు తగ్గుతాయి. ఇంట్లోవాళ్లతో రివ్యూలు రాయించడం కూడా వద్దు.

ఇదంతా చేసేది కూర్చునే కదా. షాపాయన పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా గల్లాపెట్టె దగ్గర, నేను స్క్రీన్ ముందర. నాకు నడుం నొప్పి వచ్చి వంగలేని పరిస్థితి వచ్చినాక గానీ లేవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని. అంటే రోజుకి అరగంట, వారానికి ఐదు రోజులు నడిస్తే మొదటి లెక్క సరిపోతాది. మన ఎండలకి ఎనిమిది దాటితే కుదరదు, నేను ఐదున్నరకే అవుట్‌డోర్ స్టేడియంకి పోతా. గుంజీలు, పుషప్స్ మంగళవారం, శుక్రవారం ఇంట్లోనే. క్లయింట్లతో ఫోన్ మాట్లాడాల్సింది ఉంటే సాయంత్రం మిద్దె మీద నడుస్తా మాట్లాడతా. దీనికీ ఆ 28 రోజుల లెక్కే, రెండు రోజులు నడిచి బరువు చూసుకోవద్దు.

రేపు నడిచొచ్చినాక, వాట్సాప్‌లో ఆర్డర్ల గోల మొదలవ్వక ముందే, ఆ పిల్లోడి ఫోను అడిగి తీసుకుని సైటు తెరవండి. ఎన్ని సెకన్లు పట్టిందో షాపు నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి, పక్కనే ఆ రోజు నడిచిన నిమిషాలు కూడా.