పదహారేళ్ల పిల్ల 'ఏం లేదు మా' అన్నప్పుడు: టీనేజ్ నవల రాసేవాళ్లకు

ప్రేమ, ఇంట్లో ఒక చావు, మనసు బాగోలేకపోవడం, ఈ మూడూ ఉన్న టీనేజ్ నవల రాయాలనుకుంటున్నారా? అయితే ముందు ఒక పని చేయండి. మీ కథలో పిల్ల నోట 'నేను డిప్రెషన్‌లో ఉన్నాను' అనే మాటను మొదటి పేజీల్లో కొట్టేయండి. తిరుపతిలో ఇంటర్ చదివే పిల్లలు సరదాకి ఆ మాట రోజుకు పదిసార్లు అంటారు, నిజంగా బాగోలేనప్పుడు మాత్రం అది బయటికి రాదు. తలనొప్పి అంటారు, నిద్ర వస్తోందంటారు, అన్నిటికన్నా ఎక్కువగా "ఏం లేదు మా" అంటారు. ఆ 'ఏం లేదు' వెనక ఉన్నదానికి ఆ పిల్లకే ఒక మాట దొరికే దాకా నడిచేదే మీ నవల.

నేను మొదట రాసిన కథలో అన్న పోయిన పిల్లను ఒక అబ్బాయి ప్రేమించి మామూలు మనిషిని చేసేశాడు. ఇంటర్ సెకండియర్ చదివే మా అన్న కూతురికి చదవమని ఇచ్చాను. "అత్తా, వాడు రాకముందు ఆ పిల్ల పొద్దున లేచి ఏం చేస్తుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కథంతా మళ్లీ రాశాను, ఈసారి పొద్దున నుంచి మొదలుపెట్టి.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఒక అన్న రేణిగుంట రోడ్డులో బైక్ ప్రమాదంలో పోయాడనుకుందాం. ప్రమాదం గురించి రెండు వాక్యాలు చాలు. తర్వాత ఇల్లు ఎట్లా ఉందో రాయండి. వాడి ఫోన్‌కి నాన్న ఇంకా రీచార్జ్ చేయిస్తూనే ఉంటాడు, ఎందుకని ఎవరూ అడగరు. అమ్మ అలవాటు కొద్దీ నాలుగు కంచాలు తీసి ఒకటి మళ్లీ లోపల పెడుతుంది. కర్మలకు వచ్చిన చుట్టాలు పిల్లను పక్కకు పిలిచి "నువ్వే ధైర్యంగా ఉండాల, మీ అమ్మను చూసుకోవాల" అని చెప్పి వెళ్తారు, ఆ మాటతో ఆ పిల్లకు ఏడ్చే హక్కు పోతుంది. ఇంకోటి కూడా ఉంది, ఆ పొద్దున అన్నతో చార్జర్ కోసం గొడవ పడింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దుఃఖంలో ఉన్న పిల్లలను లోపల తినేసేది చాలాసార్లు ఇట్లాంటి చిన్న గొడవే, దాన్ని నవల సగం దాటేదాకా దాచిపెట్టండి.

ఏడుపు శవం దగ్గరే రావాలని లేదు. నాకు బాగా తెలిసిన ఉదాహరణ గంగజాతర. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకి తిరుపతి వీధుల్లో బైరాగి వేషం నుంచి మొదలుపెట్టి రోజుకో వేషం కడతారు, మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టుకుని అమ్మవారి గుడికి పోతారు. ఆ అన్న ఏటా వేషం వేసేవాడైతే, ఈసారి ఇంట్లో ఏటి సూతకం, వాడు కట్టుకునే చీర ట్రంకు పెట్టెలో ఉంది. వీధిలోకి పలకలు, అంటే డప్పులు, వస్తాయి. మనవైపు జాతరకూ పలకలే, శవం లేచినప్పుడూ పలకలే. ఊరంతా చిందేసే చప్పుడు విని ఆ పిల్ల మిద్దె మీద చెవులు మూసుకుని కూర్చుంటుంది. అన్న పోయి అప్పటికి ఏడు నెలలైనా సరే, మొదటిసారి అక్కడ ఏడిపించండి. దుఃఖం వరస ప్రకారం తగ్గుతూ పోదు, ఒక వాసనకో చప్పుడుకో తిరిగి వస్తుంది.

ప్రేమ సంగతికొస్తే, వీళ్లు కలుసుకునే చోట్లు చాలా తక్కువ. కాలేజీలో ఫోన్ ఉండదు, చాలాచోట్ల అమ్మాయిల సెక్షన్ వేరు. జిరాక్స్ అంగడి, ఆర్టీసీ బస్సు, ట్యూషన్ అయ్యాక సైకిల్ స్టాండు దగ్గర అయిదు నిమిషాలు, రాత్రి దుప్పటి కింద ఇన్‌స్టాగ్రామ్. ఆ ఇరుకులోనే ప్రేమ బాగా పండుతుంది. పద్దెనిమిది నిండని పిల్లలు, శరీరాల వర్ణన జోలికి పోకండి. అబ్బాయి చేత మాత్రం ఆమెను బాగు చేయించవద్దు. వాడికీ పదిహేడేళ్లే, ఆమె మెసేజ్‌కి జవాబివ్వకపోతే వాడికీ టెన్షన్, కోపం, అంత బరువు మోయలేక రెండు వారాలు తప్పించుకుని తిరగనివ్వండి. తర్వాత తిరిగి వచ్చి "నాకు ఏం చేయాలో తెలీలేదు, మా అక్కకి చెప్పినాను, తప్పా?" అని అడిగితే, నా దృష్టిలో అది ఎన్ని ఐ లవ్ యూలకన్నా పెద్ద ప్రేమ మాట.

దుఃఖం జబ్బు కాదు, ఇది పాఠకుడికి తెలియాలి. కానీ రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, నిద్రా ఆకలీ తప్పడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, తాను దేనికీ పనికిరాననుకోవడం, ఇవన్నీ కలిసి వస్తే డాక్టర్ చూడాల్సిన సంగతి. ఈ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు. ఆ అపార్థం మీదే ఒక అధ్యాయం రాయొచ్చు. రుయా ఆసుపత్రి ఓపీ వరసలో నాన్న పక్కన కూర్చున్న పిల్ల, తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని చున్నీ కప్పుకోవడం రాయండి. డిప్రెషన్ మందుల గుణం కనిపించడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, కాబట్టి రాత్రి మాత్ర వేసుకుని తెల్లారి నవ్వించకండి. అమ్మ మొక్కుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కితే దాన్ని వెక్కిరించవద్దు. ఆ మెట్ల మీదే అమ్మ, కూతురు మొదటిసారి అన్న పేరు ఎత్తవచ్చు. మొక్కూ మందూ ఒకే ఇంట్లో ఉంటాయి.

చనిపోవాలనే ఆలోచన కథలో వస్తే ఎట్లా అనేది రాయకండి, ఎక్కడ అనేది రాయకండి, చివరి ఉత్తరం అసలే వద్దు. మార్కులు తగ్గాయి కాబట్టి, ప్రేమ పోయింది కాబట్టి అని ఒక్క కారణం తేల్చేయకండి, నిజంలో అట్లా ఉండదు. చావును ప్రేమకి రుజువుగానో, ఎవరికో బుద్ధి చెప్పే పనిగానో చూపిస్తే అదే స్థితిలో ఉండి చదివే పిల్లకు మీరు దారి చూపించినట్టవుతుంది. పోలీసు కేసు బెదిరింపు సీన్ పెట్టేముందు 2017 మానసిక ఆరోగ్య చట్టం చూడండి, చనిపోయే ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అందులో ఉంది. 14416 నంబరు కథలో ఎక్కడో ఒకచోట పెట్టండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడవచ్చు. చివర అట్ట మీద అచ్చేయడం కన్నా, ఆ పిల్ల రెండుసార్లు డయల్ చేసి పెట్టేసి, మూడోసారి "హలో" అనడం రాస్తే ఎక్కువమందికి గుర్తుంటుంది.

మాటల దగ్గర ఒక జాగ్రత్త. పిచ్చి, మెంటల్ లాంటి మాటలు పాత్రలు అంటాయి, అననివ్వండి. కథ చెప్పే గొంతు మాత్రం అనకూడదు.

ముగింపులో పెళ్లి, ర్యాంకు, పూర్తిగా కోలుకోవడం ఏదీ అక్కర్లేదు. నా కథ చివరికి ఇట్లా కుదిరింది. బెంగళూరా మామిడికాయల కాలం వచ్చింది, అన్న ఉప్పూకారం పెట్టి కోసిచ్చే కాయలు. అమ్మ వంటింట్లోంచి "తిన్నావా మే?" అని అడుగుతుంది. పిల్ల కాసేపు ఆగి, "లేదు మా. వాడు గుర్తొస్తా ఉండాడు," అంటుంది. అమ్మ కత్తిపీట తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది.