సీఓపీడీ: పీహెచ్‌సీలో ఎవరిని ఊదించాలి, ఎవరిని వద్దు

శ్రీకాకుళం తీరంలోని ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. సీఓపీడీ అంటే పొగ, ధూళి లాంటివాటి వల్ల ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. కొత్తగా చేరే డాక్టర్లు, "మేడం, 40 దాటిన అందరికీ స్పైరోమెట్రీ చేసేద్దామా?" అంటారు. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తున్నాయో కొలిచే పరీక్ష అది. అందరికీ వద్దు. లక్షణాలు లేనివాళ్లకు ఈ స్క్రీనింగ్ అక్కర్లేదని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లో చెప్పింది, 2022లో మళ్లీ అదే చెప్పింది. ఊదే గొట్టానికి పెట్టే ఫిల్టర్లూ నర్సు సమయమూ ఆయాసపడేవాళ్ల కోసం దాచండి.

అలాగని వాళ్లే వస్తారని కూర్చోవద్దు. ఇంగ్లండ్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ క్లినిక్‌లలో చేసిన టార్గెట్‌సీఓపీడీ ట్రయల్‌లో, క్లినిక్‌కు వచ్చినప్పుడు అడగడంతో పాటు ఇంటికి కూడా ప్రశ్నలు పంపితే కొత్త కేసుకు 333 పౌండ్లు అయింది. వచ్చినప్పుడు మాత్రమే అడిగితే 376. మనకు ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్తలున్నారు. 30 దాటినవాళ్లకు వాళ్లు నింపే సీబ్యాక్ ఫారంలో (జబ్బుల ముప్పు అంచనా వేసే ప్రశ్నల కాగితం) పొగాకు, వంటచెరకు, ఆయాసం అన్నీ ఉంటాయి. ఆ ఫారాలు తీసి చదవండి.

అసలు పని అడగడంలోనే ఉంది. "బీడీ, సిగరెట్ తాగుతావా అమ్మా?" అంటే లేదంటారు, అది నిజమే. "చుట్ట కాలుస్తావా? అడ్డపొగా?" అని అడగండి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే పెద్దమ్మలు మా వైపు ఇంకా ఉన్నారు. గ్యాస్ ఉందనగానే ఆగిపోకండి, స్నానానికి నీళ్లు దేనిమీద కాస్తారో అడగండి. ఇటుక బట్టీలో పనిచేశారేమో కనుక్కోండి. "ఆయాసమా?" అంటే "వయసు కదమ్మా" అనేస్తారు. "నీ ఈడువాళ్లతో సమానంగా నడవగలుగుతున్నావా?" అంటే అసలు సంగతి బయటపడుతుంది.

దగ్గు రెండు వారాలు దాటిందా, ముందు కళ్ళె పరీక్ష. టీబీ కాదని తేలాకే ఊదించాలి.

తర్వాత పీక్ ఫ్లో మీటర్, అంటే ఊపిరి ఎంత వేగంగా వదలగలరో చూపే చిన్న గొట్టం. సీఓపీడీ అనుమానితులను ప్రశ్నలతో, ఈ మీటర్‌తో వడపోసే క్యాప్చర్ పద్ధతిలో హద్దు మగవాళ్లకు నిమిషానికి 350 లీటర్లు, ఆడవాళ్లకు 250. పొట్టివాళ్లకు ఊపిరితిత్తులు బాగున్నా తక్కువే రావచ్చు, కాబట్టి దీన్ని చూసి జబ్బు పేరు పెట్టకండి. హద్దు కంటే తగ్గినవాళ్లకే స్పైరోమెట్రీ: స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే డబ్బా) గాలి దారులు తెరిచే సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు ఇచ్చి, 15 నిమిషాలు ఆగి ఊదించాలి. ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి) నిష్పత్తి 0.70 కంటే తక్కువైతే, లక్షణాలూ ఉంటే, సీఓపీడీ. మీటర్‌లో హద్దు కంటే ఎక్కువ వచ్చినా ఆయాసం తగ్గనివాళ్లను మాత్రం వదిలేయకండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు స్టోర్‌లో ఇన్‌హేలర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. మందు లేకుండా జబ్బు చెప్పి పంపితే ఆ మనిషికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. చుట్ట మాన్పించే మాట ఆ రోజే మొదలుపెట్టండి. వచ్చిన ప్రతిసారీ ఇన్‌హేలర్ మీ ఎదుటే పీల్చి చూపించమనండి.