వేసవిలో ఆత్మరక్షణ శిక్షణలో చేరే ముందు

పరీక్షలు అయిపోయే వారానికల్లా కరెంటు స్తంభాల మీద ఫ్లెక్సీలు వెలుస్తాయి. కరాటే, కుంగ్‌ఫూ, తైక్వాండో, నలభై రోజుల్లో ఆత్మరక్షణ. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు ఫీజు కట్టేముందు నేను చెప్పేది ఒకటే. ఫ్లెక్సీ మీద ఏ పేరున్నా, ఎదురు తిరిగే మనిషితో అక్కడ సాధన చేయిస్తారో లేదో ముందు తెలుసుకోండి.

స్నేహితుడు మీ మణికట్టు పట్టుకుని బొమ్మలా నిలబడితే ఏ పట్టునైనా విడిపించుకోవచ్చు. బస్టాండులో జబ్బ పట్టి లాగేవాడు అలా నిలబడడు. జిగొరో కానో అనే జపాన్ గురువు 1882లో టోక్యోలో జూడో నేర్పడం మొదలుపెట్టినప్పుడు, జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులో ఒళ్లు విరిచే పట్లను, దెబ్బలను స్వేచ్ఛా సాధన నుంచి పక్కన పెట్టాడు. ఇద్దరూ ఉన్న బలమంతా పెట్టి పెనుగులాడే రందోరికి పెద్దపీట వేశాడు. ప్రమాదకరమైనవి తీసేస్తే విద్య పస తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ నిజంగా ప్రయోగించి చూడలేని వంద దెబ్బల కన్నా, వారానికి మూడు రోజులు లొంగని మనిషి మీద ప్రయత్నించే నాలుగు పట్లే అవసరానికి చేతికొస్తాయి.

ఈ లెక్కన జూడో, కుస్తీ, బాక్సింగ్, నేల మీద పట్లతో పెనుగులాడే బ్రెజీలియన్ జుజుత్సు, థాయ్‌లాండ్ బాక్సింగైన ముయే థాయ్ ముందు వరసలో ఉంటాయి. కరాటేను కొట్టిపారేయను. క్యోకుషిన్ లాంటి శాఖల్లో ఒంటికి దెబ్బ తగిలేలానే తలపడతారు. ఎదుట మనిషి లేకుండా గాలిలో కటాలు (వరసగా చేసే కదలికలు) చేయించి ఇంటికి పంపే హాళ్లతోనే నా పేచీ. కర్రసాము చూడముచ్చటగా ఉంటుంది, ఒంటికి మంచిది, నేర్చుకోండి. అయితే కాలేజీకి కర్ర పట్టుకుపోలేరు. మీ వయసులో ఎదురయ్యే గొడవల్లో ఎక్కువగా ఉండేవి పట్టుకోవడం, తోయడం, కింద పడేయడం. అందుకే దొరికితే మొదటి ఏడాది జూడో గానీ కుస్తీ గానీ, ఆ తర్వాత కొంత బాక్సింగ్ అంటాను. జూడోలో మొదట నేర్పే పద్ధతిగా పడటం, బండి మీంచి జారిపడ్డప్పుడు కూడా పనికొస్తుంది.

ప్రైవేటు అకాడమీల కన్నా ముందు మీ జిల్లా స్టేడియానికి వెళ్లి ఏయే కోచ్‌లు ఉన్నారో అడగండి. బాక్సింగ్ అమ్మాయిలకెందుకని ఇంట్లో ఎవరైనా అంటే, నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ పేరు చెప్పండి.

చేరే ముందు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని ఒక క్లాసు మొదలు నుంచి చివరి దాకా కూర్చుని చూడండి. చూడనివ్వని మాస్టారు దగ్గర చేరనే వద్దు. కింద మ్యాట్లున్నాయా, కటిక నేలేనా? లొంగిపోయానని చేత్తో తట్టగానే ఎదుటివాడు వదిలేస్తున్నాడా? బరువులో సరిజోళ్లనే తలపడనిస్తున్నారా? ఏడాదిలో నల్ల బెల్టు ఇస్తామంటే అది బెల్టుల వ్యాపారం. వార్షికోత్సవంలో పిల్లల పొట్ట మీదుగా బైకు నడిపించడం, తలతో పెంకులు పగలగొట్టించడం ఆత్మరక్షణ కిందికి రావు. అలాంటి ఫోటోలు గోడకు కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. సిమెంటు నేల మీద పిడికిళ్లతో దండీలు తీయించే చోట కూడా జాగ్రత్త. మీ ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తని పొరలు ఇంకా గట్టిపడి ఉండవు.

తల విషయంలో మొహమాటం పనికిరాదు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు అదరకుండా ఆపలేదు. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, మసక, తికమక వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆట ఆపేసి డాక్టరుకు చూపించుకోండి. ఆయన సరేననే దాకా స్పారింగ్ (సాధన కోసం తలపడటం) వద్దు. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. పోటీ కోసం నీళ్లు మానేసి బరువు తగ్గమనే కోచ్ మాట అసలే వినకండి.

మే నెలలో రేకుల షెడ్డు కింద సాయంత్రం నాలుగింటి క్లాసు వద్దు, తెల్లవారుజామున పెట్టేది వెతుక్కోండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. ఎవరైనా తూలుతూ పొంతనలేని మాటలు మాట్లాడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోను చేయాలి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సింది ఇంకొకటుంది. పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో నిందితులు చాలావరకు పరిచయస్తులే. పట్లు నేర్పే చోట ఒంటి మీద చెయ్యి పడక తప్పదు కాబట్టి, నేర్పడానికి అవసరం లేని స్పర్శ ఏదో వెంటనే తెలియకపోవచ్చు. అనుమానం కలిగించే స్పర్శ, ఒంటరిగా ప్రత్యేక క్లాసుకు రమ్మనడం, రాత్రి పూట మెసేజ్‌లు పంపడం, ఇంట్లో చెప్పొద్దనడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ రోజే ఇంట్లో చెప్పండి. చెప్పే వీలు లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లందరికీ, అబ్బాయిలకు కూడా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇదీ తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నేరాలు, శిక్షల చట్టం భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. రక్షణకు అవసరమైనదానికి మించి గాయపరచకూడదని 37వ సెక్షన్ అంటుంది. పారిపోతున్నవాణ్ణి తరిమి కొడితే దాన్ని ఆత్మరక్షణ అని నిరూపించుకోవడం కష్టం. కత్తి కనిపిస్తే ఫోను, పర్సు ఇచ్చేసి పరుగెత్తండి, ఆ తర్వాత అత్యవసర నంబరు 112కి ఫోను చేయండి. వారంలో కత్తి లాక్కునే విద్య నేర్పుతామనే మాస్టారికి దండం పెట్టి వచ్చేయండి.

మొదటి రోజు వెళ్లేటప్పుడు గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు, చెవిపోగులు తీసి ఇంట్లో పెట్టండి. ఉబ్బసం, మూర్ఛ, పాత విరుగుళ్లు ఉంటే కోచ్‌కు ముందే చెప్పాలి. మ్యాట్ల మీద తామర త్వరగా అంటుకుంటుంది కాబట్టి క్లాసు కాగానే స్నానం చేయండి, తువ్వాలు ఎవరికీ ఇవ్వకండి. దుస్తులు ఏ రోజువి ఆ రోజే ఉతకాలి.